డీవీడీ మాస్టర్ పరిశీలన

డీవీడీని ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో అచ్చొత్తించడానికి పంపే మూల ప్రతిని మాస్టర్ అంటారు. అది డిస్కు కావచ్చు, టేపు కావచ్చు, హార్డ్ డిస్కులోనో ఇంటర్నెట్ మీదనో పంపే ఫైళ్ల కట్ట కావచ్చు. దాన్ని పంపే ముందు, పంపాక, ఫ్యాక్టరీ నుంచి నమూనా డిస్కు తిరిగి వచ్చాక చేసే తనిఖీలన్నీ కలిపి మాస్టర్ పరిశీలన. ఇందులో రెండు వేరువేరు ప్రశ్నలున్నాయి. మనం తయారు చేసిందే అవతలివాళ్లకు చేరిందా అన్నది ఒకటి. మనం తయారు చేసింది అసలు సరిగ్గా ఉందా అన్నది రెండోది. మొదటిదానికి యంత్రం నిమిషాల్లో జవాబు చెబుతుంది. రెండోదాన్ని కూర్చుని చూసి, విని తేల్చుకోవాలి. మొదటి జవాబు దొరికిన సంతోషంలో రెండో ప్రశ్న వదిలేస్తే, తప్పు కూడా పొల్లుపోకుండా ప్రతి డిస్కులోనూ అచ్చవుతుంది.

రైటింగ్ వేరు, రెప్లికేషన్ వేరు

డీవీడీ ప్రతులు తీసే దారులు రెండు. పెద్దపల్లి జిల్లా మంథని గోదావరి కుడి గట్టున ఉన్న పాత ఊరు. చాలా కాలంగా వేదపండితుల ఊరుగా పేరు. ఇలాంటి ఊళ్లో డీవీడీ అంటే ముందుగా గుర్తొచ్చేది పెళ్లి వీడియో. ఫోటో స్టూడియోలో ఎడిటింగ్ చేసి, కంప్యూటర్‌కున్న రైటర్‌లో నాలుగో పదో ఖాళీ డిస్కులు పెట్టి ‘కొట్టి’ ఇచ్చేవారు. ఇది డూప్లికేషన్. ఖాళీ డిస్కులోని రంగు పొరను లేజరుతో మార్చి ఒక్కో ప్రతినీ విడిగా రాయడం. ఒక డిస్కు చెడితే ఆ ఒక్కటే చెడుతుంది; ఇంకోటి కొట్టి ఇస్తారు.

రెప్లికేషన్ దారి వేరు. మాస్టర్‌లోని సమాచారంతో ముందు ఒక గాజు పలక మీద పూసిన పొరపై లేజరుతో గుంటలు చెక్కుతారు. దాని మీద నికెల్ పోత పోసి స్టాంపర్ అనే లోహపు అచ్చు తీస్తారు. కరిగిన పాలీకార్బొనేట్‌ను ఆ అచ్చులో ఒత్తి 0.6 మిల్లీమీటర్ల పలుచని బిళ్లలు చేసి, అల్యూమినియం పూత వేసి, రెండు బిళ్లలను అతికిస్తే 1.2 మిల్లీమీటర్ల డీవీడీ అవుతుంది. గుంటల వరుసల మధ్య దూరం 0.74 మైక్రాన్లు, అతి చిన్న గుంట పొడవు 0.4 మైక్రాన్లు. డిస్కు రాయడమంటూ ఇక్కడ లేదు, అంతా పోత పనే. అందుకే స్టాంపర్ తయారయ్యాక దిద్దుబాటు అంటే మళ్లీ గాజు పలక దగ్గరి నుంచి మొదలుపెట్టడం, అప్పటికి ఒత్తిన సరుకును పారేయడం. ఫ్యాక్టరీలు వందల్లోనో వేలల్లోనో తప్ప ఆర్డరు తీసుకోకపోవడానికి కూడా ఈ ముందు ఖర్చే కారణం.

వేములవాడ, కొండగట్టు, మేడారం జాతరల్లో భక్తి పాటల డిస్కులు అమ్మిన రోజుల్లో ఈ రెండు రకాలూ ఒకే బల్ల మీద కనిపించేవి. అడుగు భాగం వెండిలా తెల్లగా మెరిస్తే అచ్చొత్తినది. ఊదా రంగు తేలితే రైటర్‌లో కొట్టినది. దొంగ కాపీని పట్టుకోవడానికి కొనేవాళ్లకున్న తొలి గుర్తు అదే. అయితే ఊదా రంగున్న ప్రతిదీ దొంగది కాదు. యాభై ప్రతులే కావలసిన చిన్న బృందాలకు వేరే మార్గం ఉండేది కాదు.

మాస్టర్ ఏ రూపంలో వెళ్తుంది

మొదట్లో ఫ్యాక్టరీలు డీఎల్‌టీ అనే మాగ్నెటిక్ టేపు అడిగేవి. డిస్కులోని సమాచారంతో పాటు దాన్ని ఎలా పరచాలో చెప్పే చిన్న వివరణ ఫైళ్లు కూడా అందులో ఉండాలి. ఈ ఏర్పాటు పేరు డిస్క్ డిస్క్రిప్షన్ ప్రొటోకాల్, పొట్టిగా డీడీపీ. డీడీపీఐడీ అనే ఫైలు ఇది ఏ రకం డిస్కో, ఎన్ని పొరలో చెబుతుంది. డీడీపీఎంఎస్ అనే ఫైలు ఏ ముక్క ఎక్కడ మొదలై ఎంత పొడవుందో చెబుతుంది. టేపులు పోయాక అవే ఫైళ్లు హార్డ్ డిస్కు మీద, తర్వాత ఇంటర్నెట్‌లో ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ ద్వారా వెళ్లడం మొదలైంది.

చిన్న నిర్మాతలకు ఈ తతంగం అందుబాటులో ఉండేది కాదు. రైటర్‌లో రాసిన డీవీడీ-ఆర్ డిస్కే మాస్టర్‌గా కొరియర్‌లో వెళ్లేది. ఒకే పొర ఉన్న డీవీడీ-5కు ఇది నడిచిపోతుంది. కానీ రంగు పొర మీద రాసినది కాలంతో పాటు మసకబారుతుంది, వేలిముద్ర పడుతుంది, కొరియర్ సంచిలో గీసుకుపోతుంది. ఇంట్లో ప్లేయర్ ఆ లోపాలను సర్దుకుని ఆడించేస్తుంది కాబట్టి పంపే మనిషికి అంతా బాగున్నట్టే ఉంటుంది. డిస్కే పంపక తప్పకపోతే మంచి కంపెనీ డిస్కులు తీసుకుని, రైటర్ ఇవ్వగల గరిష్ఠ వేగం కంటే తగ్గించి, ఒకే దఫాలో పూర్తిగా రాసి ముగించి, ఒకటికి రెండు ప్రతులు పంపాలి. డిస్కు ఒంటి మీద కాగితం లేబుల్ అంటించకూడదు. అది తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు లాగుతుంది.

చెక్‌సమ్

ఒక ఫైలు ఎంత పెద్దదైనా దాని నుంచి ఒక నిర్ణీత పొడవున్న గుర్తు సంఖ్యను లెక్కగట్టవచ్చు. అదే చెక్‌సమ్. ఎండీ5 పద్ధతిలో 32, షా-256 పద్ధతిలో 64 అక్షరాల గుర్తు వస్తుంది. డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసిన నాలుగున్నర గిగాబైట్ల ఇమేజ్‌లో ఒక్క బిట్ మారినా గుర్తులో దాదాపు సగం బిట్లు మారిపోతాయి. కాబట్టి పంపేవాళ్లు లెక్కగట్టిన గుర్తు, అందుకున్నవాళ్లు లెక్కగట్టిన గుర్తు ఒకటే అయితే ఫైలు చెక్కుచెదరకుండా చేరినట్టు. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో షా256సమ్ అనే ఆదేశాలు ఈ పని చేసి పెడతాయి. వేరే సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు.

ఎండీ5ను 2004లో, షా-1ను 2017లో పరిశోధకులు ఛేదించి, వేర్వేరు ఫైళ్లకు ఒకే గుర్తు వచ్చేలా చేసి చూపించారు. కావాలని మోసం చేసేవాడి నుంచి రక్షణకు ఇవి పనికిరావన్నది దాని అర్థం. దారిలో చెడిన ఫైలును కనిపెట్టడానికి ఎండీ5 నేటికీ చాలు. అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్లు షా-256 వాడకపోవడానికి కారణమేమీ లేదు.

ఫైళ్లు దారిలో చెడేది ఎలాగో చెప్పుకుంటే ఈ తనిఖీ విలువ తెలుస్తుంది. ఎఫ్‌టీపీలో పాఠ్య ఫైళ్ల కోసం ఉన్న పద్ధతి ఎంపికై ఉంటే పంక్తి చివరి సంకేతాలను అది మార్చేస్తుంది. వీడియో ఫైలుకు అది విషం. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవ్ 4 గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలును పట్టలేదు. నిండు డీవీడీ ఇమేజ్ అంతకంటే పెద్దది. కరెంటు పోయి మధ్యలో ఆగిన కాపీ పేరు చూస్తే పూర్తి ఫైలులాగే ఉంటుంది. పేరు, తేదీ చూసి సరిపోయిందనుకునేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

గుర్తులు కలవనంత మాత్రాన ఫైలు చెడిందనీ కాదు. ఇమేజ్‌ను డిస్కు మీద రాసేటప్పుడు రైటర్ చివర్లో 32 కిలోబైట్ల గడి నిండేదాకా సున్నాలు చేర్చవచ్చు. ఆ డిస్కును మొత్తంగా తిరిగి చదివి చెక్‌సమ్ కడితే అసలు ఇమేజ్‌తో కలవదు. అసలు ఇమేజ్ పొడవు మేరకే చదివి లెక్కగడితే కలుస్తుంది. తెలియనివాళ్లు ఈ తేడాకు బెదిరిపోయి మంచి డిస్కులు పారేస్తుంటారు.

ఇంకో వింత ఉంది. ఖాళీ ఫైలుకు కూడా ఎండీ5 గుర్తు వస్తుంది. అది ఎప్పుడూ డీ41డీ8సీడీ9 అనే మొదలవుతుంది. పంపిన చోటా ఖాళీ ఫైలే, అందిన చోటా ఖాళీ ఫైలే అయితే గుర్తులు చక్కగా కలుస్తాయి! లోపల ఏముందన్నది చెక్‌సమ్‌కు పట్టదు, రెండూ ఒకటేనా అన్నదే దాని లెక్క.

ఘనపాఠం, తప్పుల దిద్దుబాటు

వేదాన్ని రాతలో పెట్టకుండా వేల ఏళ్లు నోటితోనే కాపాడుకోవడానికి పండితులు కనిపెట్టిన పద్ధతులు తప్పును కనిపెట్టడానికీ దిద్దడానికీ ఉన్న తేడాను అర్థం చేసుకోవడానికి అక్కరకొస్తాయి. వేద మంత్రపాఠమైన సంహితను పదాలుగా విడదీస్తే పదపాఠం. జంటలుగా కలుపుతూ పోతే క్రమపాఠం. ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు అని ముందుకూ వెనక్కూ చెబితే జటాపాఠం. ఘనలో దానికి మూడో పదం చేరుతుంది: ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు. ఒకే పదం ఇన్ని స్థానాల్లో ఇన్నిసార్లు వస్తుంటే ఎక్కడైనా నాలుక తడబడితే మిగతా చోట్ల దానికి సాక్ష్యం దొరుకుతుంది. వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో ప్రకటించి, 2008లో మానవాళి అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది.

డీవీడీలో ఈ పని చేసేది రీడ్-సాలమన్ సంకేతం. సమాచారాన్ని 192 వరుసలు, వరుసకు 172 బైట్ల చొప్పున గడిగా పేర్చి, దానికి 16 వరుసలు, ప్రతి వరుస చివర 10 బైట్లు అదనంగా చేర్చి 208 వరుసలు, 182 బైట్ల గడి చేస్తారు. గీత పడి కొంత పోయినా అడ్డంగా, నిలువుగా ఉన్న ఈ అదనపు బైట్ల నుంచి పోయినదాన్ని తిరిగి రాబట్టవచ్చు. చెక్‌సమ్‌కు ఈ శక్తి లేదు. ఋగ్వేదంలో 4,32,000 అక్షరాలున్నాయని వేదసూచికలైన అనుక్రమణుల సంప్రదాయం చెప్పే లెక్క లాంటిది అది. లెక్క తప్పిందని చెప్పగలదు, ఏ అక్షరం జారిందో చెప్పలేదు. ఇక గురువు దగ్గరే స్వరం తప్పుగా పట్టుబడితే ఘన ఆ తప్పునే భద్రంగా కాపాడుతుంది. మాస్టర్ విషయంలోనూ అంతే. అందుకే ఇక్కడి నుంచి చెప్పుకునే తనిఖీల్లో చాలావరకు రెండో ప్రశ్నకు సంబంధించినవి.

డిస్కు లోపలి నిర్మాణం

డీవీడీ వీడియోలో వీడియో_టీఎస్ అనే ఫోల్డరు ఉంటుంది. చిత్రం, శబ్దం, సబ్‌టైటిళ్లు కలిసి ఉన్నవి వీఓబీ ఫైళ్లు; ఒక్కోటి 1 గిగాబైట్ దాటకూడదు. ఏ మెనూ నొక్కితే ఎక్కడికి వెళ్లాలో చెప్పేవి ఐఎఫ్ఓ ఫైళ్లు. వాటి నకళ్లు బీయూపీ ఫైళ్లు. ఐఎఫ్ఓ గీత పడి చెడితే ప్లేయర్ బీయూపీ వైపు చూస్తుంది. రెండూ ఒకే 32 కిలోబైట్ల దిద్దుబాటు గడిలో పడితే ఒకే గీతకు రెండూ పోతాయి కాబట్టి వాటి మధ్య దూరం ఉండాలన్నది నియమం. ఐఎఫ్ఓ ముందు, వీఓబీలు తర్వాత, బీయూపీ చివర అనే వరుస కూడా డిస్కు మీద తప్పకూడదు. ఫోల్డరును మామూలు డేటాలాగా లాగి డిస్కు మీద పడేస్తే ఈ వరుస చెదిరే ప్రమాదముంది. కంప్యూటర్‌లో ఆడుతుంది, ఇంట్లో ప్లేయర్‌లో ఆడదు. మెకింటాష్ వాడేవాళ్ల ఫోల్డర్లలో కంటికి కనపడని ఫైళ్లు చేరిపోయి మాస్టర్‌లోకి రావడమూ మామూలే.

డిస్కు పేరు దగ్గర తెలుగువాళ్లకు చిన్న నిరాశ. పాత ప్రమాణం ప్రకారం ఆ పేరులో ఆంగ్ల పెద్దబడి అక్షరాలు, అంకెలు, కింది గీత తప్ప ఏదీ పనికిరాదు. 32 అక్షరాలకు మించకూడదు. తెలుగులో పేరు పెట్టాలన్న ఉత్సాహాన్ని మెనూ కోసం దాచుకోవాలి.

నిడివి, పొరలు, విశ్రాంతి

ఒక పొర డీవీడీ 470 కోట్ల బైట్లు పడుతుంది. కంప్యూటర్ 1,024తో భాగించి దాన్నే 4.37 అని చూపిస్తుంది. కొత్తవాళ్లు ‘4.7’ అన్న ముద్రను నమ్మి కంప్యూటర్ లెక్క ప్రకారం 4.6 గిగాబైట్ల ఇమేజ్ తయారు చేసి ఇరుక్కుంటారు. రెండు గంటల నలభై నిమిషాల తెలుగు సినిమాను ఒక పొరలో ఇరికిస్తే సెకనుకు సగటున 3.9 మెగాబిట్లు మిగులుతాయి. అందులో శబ్దానికి పోను చిత్రానికి దక్కేది మూడున్నరకు లోపే. ప్రమాణం చిత్రానికి అనుమతించే గరిష్ఠం 9.8. రెండు పొరల డీవీడీ-9లో అదే సినిమాకు సగటు 7.1కి చేరుతుంది. రెండున్నర గంటల సినిమాలు మూడింటిని ఒక పొరలో పెడితే సెకనుకు 1.4 మెగాబిట్లు కూడా రావు. వాన పాటలో చినుకులన్నీ గళ్లు గళ్లుగా విరిగిపోయేది ఇందుకే. ‘ఒకే డిస్కులో మూడు సినిమాలు’ అన్న బేరం కొనేవాళ్లకు లాభంగా కనిపించింది కానీ ఆ సినిమాలు తీసిన ఛాయాగ్రాహకులు చూడదగినది కాదు.

రెండు పొరల డిస్కులో లేజరు మొదటి పొరను లోపలి నుంచి బయటకు చదివి, అక్కడి నుంచి రెండో పొరను బయటి నుంచి లోపలికి చదువుతుంది. మారే క్షణంలో చిత్రం ఒక్క లిప్త ఆగుతుంది. ఆ చోటు ఒక సెల్ (ప్లేయర్ విడిగా ఆడించే వీడియో ముక్క) ఆరంభంలో ఉండాలి, 16 సెక్టార్ల (ఒక దిద్దుబాటు గడి) గుణిజం మీద పడాలి, మొదటి పొర రెండోదానికంటే చిన్నది కాకూడదు. ఎంచుకోవడం సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే పాట చరణం మధ్యలోనో, పంచ్ డైలాగు మధ్యలోనో పెడుతుంది. హాలీవుడ్ వాళ్లకు లేని సౌకర్యం మన సినిమాకు ఒకటి ఉంది. ‘విశ్రాంతి’ కార్డు దగ్గర చిత్రం ఎలాగూ ఆగుతుంది. పొర మార్పుకు అంతకంటే మంచి చోటు లేదు. మొదటి సగం చిన్నదైతే ట్రైలర్లు, ఇంటర్వ్యూల లాంటి అదనపు భాగాలను సినిమాకంటే ముందు వరుసలో పెట్టి మొదటి పొరను నింపుకోవచ్చు. పరిశీలకుడు ఈ ఒక్క చోటును మాత్రం సాదా ప్లేయర్‌లో, అదీ పాతదానిలో, కళ్లతో చూడాలి.

గల్ఫ్‌లో ఆడని డిస్కు

డీవీడీలో ప్రపంచాన్ని ప్రాంతాలుగా విభజించారు. భారతదేశం 5వ ప్రాంతం. అమెరికా 1, ఐరోపాతో పాటు గల్ఫ్ దేశాలు 2, ఆస్ట్రేలియా 4. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయికో మస్కట్‌కో బతకపోయినవాళ్ల కోసం జానపద పాటల డీవీడీ వేసి, దాన్ని 5వ ప్రాంతానికే పరిమితం చేస్తే అక్కడ కొన్న ప్లేయర్ దాన్ని తిప్పికొడుతుంది. ఈ అనుమతి ఐఎఫ్ఓలో ఒక్క బైటులో ఉంటుంది. అందులో 1 అంటే నిషేధం, 0 అంటే అనుమతి. ఒక్క 5వ ప్రాంతానికే అనుమతిస్తే ఆ బైటు హెక్సాలో ఈఎఫ్ అవుతుంది. అన్నిటికీ అనుమతిస్తే సున్నా. తలకిందులుగా ఉండే ఈ లెక్కలో పొరబడటం తేలిక కాబట్టి తనిఖీ సాఫ్ట్‌వేర్ చూపించే ప్రాంతాల పట్టికను ఆర్డరు కాగితంతో పోల్చి చూడాలి. జానపదాలకూ భక్తి పాటలకూ ప్రాంతీయ తాళం ఎందుకో ఈ వ్యాసకర్తకు ఎన్నడూ అర్థం కాలేదు.

అనలాగ్ టీవీల నాటి ప్రమాణం మరో చిక్కు. మనది పాల్: సెకనుకు 25 ఫ్రేములు, 576 గీతలు. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ: 29.97 ఫ్రేములు, 480 గీతలు. అక్కడి తెలుగువాళ్ల కోసం వేసే డిస్కులకు ఎన్‌టీఎస్‌సీ ఎంచుకోవడం ఇందుకే. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను పాల్‌లో 25తో ఆడిస్తే నాలుగు శాతం వేగం పెరుగుతుంది. శబ్దాన్ని సరిచేయకపోతే గొంతు అర్ధస్వరంలో దాదాపు ముప్పావు వంతు పైకి పోతుంది. మాటల్లో తెలియకపోవచ్చు. పాటల్లో చెవి ఉన్నవాళ్లు వెంటనే పట్టేస్తారు.

తెలుగు అక్షరం, తెలుగు గొంతు

డీవీడీ సబ్‌టైటిల్ అక్షరాల రూపంలో ఉండదు, బొమ్మగా ఉంటుంది. ఒక్కో బొమ్మకు నాలుగు రంగులే. అందుకని డిస్కు ఎక్కడ ఆడినా తెలుగు ఫాంటు అక్కర్లేదు. కానీ బొమ్మ తయారైన కంప్యూటర్‌లో అక్షరం విరిగితే ప్రపంచమంతా విరిగే కనిపిస్తుంది. ఒత్తులు కూర్చడం చేతకాని సాఫ్ట్‌వేర్‌లో ‘మహాలక్ష్మి’ కాస్తా ‘మహాలక్‌ష్‌మి’గా మారుతుంది. పత్రికల్లో, ప్రింటింగ్ ప్రెస్సుల్లో వాడే అను ఫాంట్లతో టైపు చేసిన పాఠ్యాన్ని యూనికోడ్ మాత్రమే తెలిసిన కార్యక్రమంలో అతికిస్తే మిగిలేది అర్థంలేని ఆంగ్ల గుర్తులు. దీనికి విరుగుడుగా చాలామంది ఫోటోషాప్‌లో శీర్షికలను బొమ్మలుగా చేసి మెనూలో పెట్టేవారు. పని జరిగేది, కానీ తప్పు దొరికితే బొమ్మ మొత్తం మళ్లీ చేయాలి.

ఆంగ్ల లిపి కోసం వేసిన అడుగు గీత తెలుగుకు చాలదు. ఒత్తులు ఆ గీత కిందికి వేలాడతాయి. పాత బుడ్డి టీవీలు చిత్రం అంచులను కొంత మింగేస్తాయి కాబట్టి తెరకు మరీ కిందగా పెట్టిన పంక్తిలో ‘శ్రీ’ రావత్తు తెగిపోయి ‘శీ’ కనిపిస్తుంది. మరీ పలుచని తలకట్లు ఒకే టీవీ గీత మీద పడితే రెపరెపలాడతాయి. కంప్యూటర్ తెర మీద ఈ రెండు జబ్బులూ కనిపించవు. తెలుగు మెనూ ఉన్న మాస్టర్‌ను కనీసం ఒక మామూలు టీవీ మీద చూసి తీరాలన్నది ఇందుకే. సబ్‌టైటిల్ జాబితాలో భాష సంకేతం ‘టీఈ’ అని పడిందా లేక పాత ప్రాజెక్టు నుంచి హిందీ ‘హెచ్ఐ’ మిగిలిపోయిందా అని కూడా చూడాలి.

శబ్దం విషయంలో వేదపారాయణం లాంటివాటికి వేరే శ్రద్ధ కావాలి. వేదస్వరాలైన ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం అర్థంతో ముడిపడినవి; పాఠం చెప్పేవారికి అందులో రాజీ లేదు. సినిమాలకు వాడే డాల్బీ ఏసీ-3లో శబ్దాన్ని సెకనుకు 448 కిలోబిట్లకు మించకుండా కుదిస్తారు. కుదించని పీసీఎం స్టీరియోకు 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ల దగ్గర 1,536 కిలోబిట్లు కావాలి. నిశ్చల చిత్రం పెట్టి పారాయణం మాత్రమే ఇచ్చే డిస్కులో ఒక పొరకే ఆరు గంటలకు పైగా పీసీఎం పడుతుంది కాబట్టి కుదించే అవసరం రాదు. అయితే ఫార్మాట్ కంటే ముఖ్యం విరుపు. అధ్యాయాల గుర్తులను ఎడిటర్ తోచిన చోట పెడితే వేదభాగమైన అనువాకం మధ్యలో ముక్క పడుతుంది. ఇక్కడ సాంకేతికుడు చాలడు. పాఠం వచ్చినవారిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వినాలి. మంథని లాంటి ఊరికి రెప్లికేషన్ ఫ్యాక్టరీ లేకపోయినా ఈ పరిశీలనకు కావలసిన మనుషులు ఉన్నారు; నగరంలోని స్టూడియోకు దొరకనిది అదే.

వినడానికి కుదరనంత నిడివి ఉంటే పరిశీలకులు మొదలు, చివర, ప్రతి అధ్యాయపు ఆరంభం, పొర మార్పు చూసి సరిపెడతారు. మాటకూ పెదవికీ పొంతన మాత్రం సినిమా చివరి రీలులో చూడాలి. ఫ్రేముల లెక్కలో తేడా మొదట్లో కనపడదు. పేరుకుంటూ పోయి పతాక సన్నివేశంలో బయటపడుతుంది.

చట్టం అడిగే కార్డు

1957 కాపీరైట్ చట్టంలో 1984 సవరణతో చేరిన 52ఎ సెక్షన్ ప్రకారం, వీడియో ఫిల్మ్‌లోనూ దాని పెట్టె మీదా కొన్ని వివరాలు ఉండాలి. సెన్సార్ కావలసిన చిత్రమైతే ఆ సర్టిఫికెట్ నకలు, వీడియో తయారు చేసినవారి పేరు చిరునామా, హక్కుదారు అనుమతి పొందామన్న ప్రకటన, హక్కుదారు పేరు చిరునామా. ఉల్లంఘనకు 68ఎ కింద మూడేళ్ల వరకు జైలు, జరిమానా. ఈ కార్డులు సినిమాకు ముందు వస్తాయి. రిమోట్‌తో దాటేయకుండా ఆ నిమిషం బటన్లను బిగించడం ఆనవాయితీ. ఆ బిగింపును కార్డు తర్వాత విప్పడం మరిచిపోతే ప్రేక్షకుడు మెనూకే వెళ్లలేడు. చూడటానికి చిన్నదే, కానీ చెక్‌సమ్‌కు ఎన్నటికీ దొరకని తప్పు.

కాపీ రక్షణ సీఎస్ఎస్ కావాలంటే మాస్టర్‌లో జెండా మాత్రమే పెట్టి పంపుతారు; తాళం వేసేది లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీ. ఆ తాళం 1999లోనే పగిలింది. చిన్న నిర్మాత దాని మీద డబ్బు పెట్టడం దండగ.

చెక్ డిస్క్

స్టాంపర్ తీశాక ఫ్యాక్టరీ కొన్ని నమూనా డిస్కులు పంపి సంతకం అడుగుతుంది. వాటిలో ఒకదాన్ని తిరిగి ఇమేజ్‌గా చదివి పంపినదానితో పోల్చాలి. సీఎస్ఎస్ వేసినవి ఎలాగూ కలవవు. భౌతిక నాణ్యతకు ఫ్యాక్టరీ కొలత ఉంది. వరుసగా ఎనిమిది దిద్దుబాటు గడుల్లో, దిద్దడానికి ముందు, తప్పు పడిన వరుసలు 280 దాటకూడదు. ఆ నివేదిక అడిగి తీసుకోవచ్చు, అడగనివాళ్లే ఎక్కువ. తర్వాత నాలుగైదు రకాల ప్లేయర్లలో ఆడించాలి. ఖరీదైనదాని కంటే సంతలో దొరికే చౌక ప్లేయర్ మంచి పరీక్షకుడు. ఊళ్లలో ఉన్నవి అవే కదా. డిస్కు మీది ముద్ర, లోపలి సినిమా ఒకటేనా అన్నదీ చూడాలి. ఒకే రోజు రెండు ఆర్డర్లు నడిచే చోట ఇది తారుమారు కావడానికి ఎక్కువ సమయం పట్టదు.

సంతకం పెట్టాక బాధ్యత చేతులు మారుతుంది. ఆర్డరు కాగితం మీద చెక్‌సమ్ రాసి ఉంటే, పంపింది ఏదో అచ్చయింది ఏదో తర్వాత వాదన ఉండదు.

ఈ రంగం ఇప్పుడు

డీవీడీ 1996 నవంబరులో జపాన్‌లో, మరుసటి ఏడాది అమెరికాలో మార్కెట్లోకి వచ్చింది. 1983లో ఢిల్లీలో మొదలై, ఫ్లాపీల నుంచి ఖాళీ సీడీలు, డీవీడీల తయారీకి ఎదిగిన మోజర్ బేయర్ 2007లో హోమ్ వీడియోలోకి దిగి వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు పెట్టడంతో మన దగ్గర లెక్కలు మారిపోయాయి. తెలుగుతో సహా అనేక భాషల సినిమాలు ఆ ధరకు వచ్చాయి. దొంగ డిస్కుకూ అసలు డిస్కుకూ ధర తేడా దాదాపు పోయింది. తర్వాత పెన్ డ్రైవ్, సెల్‌ఫోన్, యూట్యూబ్ వచ్చి డిస్కునే పక్కకు నెట్టాయి. 2018లో ఆ కంపెనీ ఆస్తుల విక్రయానికి ట్రిబ్యునల్ ఆదేశం వెలువడింది.

పరిశీలన పద్ధతులు మాత్రం డిస్కుతో పోలేదు. తెలుగులో వాడుకునేలా స్వేచ్ఛ సంస్థ తయారు చేసిన లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు డీవీడీ ఇమేజ్‌గానే పంపిణీ అయ్యాయి. డెబియన్ ప్రాజెక్టు ప్రతి ఇమేజ్‌తో పాటు షా-256, షా-512 పట్టికలను సంతకంతో సహా ఉంచుతుంది. థియేటర్లకు వెళ్లే డిజిటల్ సినిమా ప్యాకేజీలోనూ ప్రతి ఫైలుకు షా-1 గుర్తు రాసిన జాబితా ఉంటుంది. థియేటర్ సర్వర్ ఫైళ్లను దించుకునేటప్పుడు ఆ గుర్తులను సరిచూసి, కలవని దాన్ని తిరస్కరిస్తుంది. సబ్‌టైటిల్‌లో రావత్తు తెగిందో లేదో ఆ సర్వర్ కూడా చెప్పదు. దానికి సినిమా విడుదలకు ముందు ఎవరో ఒకరు కూర్చుని చూస్తారు.